ఒకటే మోకాలు, రెండు రిజిస్ట్రేషన్లు

ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేసి, ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకునే మహానుభావులు మనకు కొత్త కాదు. అమెరికా ప్రభుత్వానికి వాళ్లంటే మహా భయం. అందుకే తన సైనికుడి మోకాలి విషయంలో ముందుగానే ఈసీ తీయించి పెట్టుకుంది. పెంటగన్ ఆ మోకాలికి ఒకసారి వెలకట్టి డబ్బిచ్చేసిందంటే, మాజీ సైనికుల శాఖ (వాడుకలో వీఏ) అదే మోకాలికి మళ్లీ నెలనెలా పరిహారం ఇవ్వడం ఖజానాకు ద్రోహం కదా! కాబట్టి మొదట ఇచ్చింది పూర్తిగా రాబట్టుకున్నాకే ఆ పరిహారం చేతికొస్తుంది. దీన్ని పిసినారితనం అనేవాళ్లున్నారు. మేం మాత్రం గృహస్థధర్మం అంటాం.

ముందు మోకాలి వెల ఎలా కడతారో చూడాలి. సైన్యంలో కొనసాగడానికి పనికిరావని వైద్య బోర్డు తేల్చి, వైకల్యం 30 శాతానికి తగ్గి, సర్వీసు 20 ఏళ్లకు చేరకపోతే పెన్షన్ ఉండదు. చేతిలో ఒక మొత్తం పెట్టి పంపిస్తారు. దాని పేరు డిజెబిలిటీ సెవరెన్స్ పే. నెల మూలవేతనాన్ని రెండింతలు చేసి సర్వీసు ఏళ్లతో హెచ్చవేస్తారు. ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కను నిండు ఏడాది కింద కలుపుతారు. 19 ఏళ్లు దాటితే లెక్కలోకి రాదు. చేరిన ఏడాదికే మోకాలు పాడుచేసుకున్న తొందరపాటు మనిషికి కూడా 3 ఏళ్లు చేసినట్టు లెక్క కడతారు, అదే యుద్ధక్షేత్రమైతే 6 ఏళ్లు. మూలవేతనం 3,000 డాలర్లు, సర్వీసు 8 ఏళ్లు అనుకుంటే 48,000 డాలర్లు. మూటగట్టుకుని ఇంటికొచ్చిన మనిషికి అది కానుకలాగే కనిపిస్తుంది. చేబదులని తెలిసేది వీఏ ఉత్తరం వచ్చాకే.

ఆ ఉత్తరంలో మోకాలికి 20 శాతం వైకల్యం రేటింగ్ ఇచ్చారనుకుందాం. 2024 డిసెంబర్ 1 నుంచి ఏడాదిపాటు అమలైన రేటు ప్రకారం నెలకు 346.95 డాలర్లు. దాని పక్కనే 'నిలిపివేసిన మొత్తం' అనే గడి, అందులోనూ 346.95. ఆ పక్కది 'చెల్లించే మొత్తం', అక్కడ సున్నా. రేటు ఇలాగే ఉంటే 48,000 తీరడానికి 138 నెలల పైచిలుకు పడుతుంది, అంటే పదకొండున్నరేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల హైస్కూలు చివరికొచ్చేసరికి నాన్న మోకాలు అప్పు తీర్చేసి ఉంటుంది. వడ్డీ మాత్రం లేదు. బెజవాడ కాల్‌మనీ వాళ్లతో పోలిస్తే ఇది ధర్మసత్రమే.

నిబంధనలో దయ లేకపోలేదు. ఏ వైకల్యానికి సెవరెన్స్ ఇచ్చారో దాని పరిహారంలోంచే కోస్తారు, మిగతా వాటి జోలికి వెళ్లరు. మోకాలికి 20, నడుముకు 20, చెవిలో హోరుకు 10 శాతం వచ్చాయనుకోండి. మామూలు మనుషులు 50 అంటారు. వీఏ కూడిక వేరు. మోకాలికి 20 పోగా మిగిలింది 80 శాతం మనిషి. అందులో 20 శాతం 16, వెరసి 36. మిగిలిన 64లో 10 శాతం 6.4, వెరసి 42. దగ్గరి పదికి సర్దితే 40. అప్పటి రేటు ప్రకారమే నెలకు 774.16 డాలర్లు. అందులోంచి మోకాలి బాపతు 346.95 ఆపి, 427.21 చేతిలో పెడతారు. తర్వాత మోకాలు ముదిరి దాని శాతం పెరిగినా, కోత మొదటి రేటింగ్ స్థాయిలోనే ఉంటుంది, పెరిగిన భాగం మనిషికే. వీఏ పొరపాటున మొత్తం ఆపేస్తే పట్టుకోవాల్సింది ఈ సూత్రాన్నే. ఏ వైకల్యానికి ఎంత అని రేటింగ్ ఉత్తరంలో విడివిడిగా ఉంటుంది. దాన్ని సెవరెన్స్ ఉత్తర్వులో రాసిన జబ్బుతో పోల్చి చూసుకోవాలి. నిలిపివేసిన మొత్తాలను నెలవారీగా ఒక పుస్తకంలో రాసుకోవడం ఇంకా మంచిది, పాలవాడి లెక్కలాగా.

ఇదే కూడికలో ఒక వైభవం దాగి ఉంది. సైన్యం బోర్డు లెక్కపెట్టేది ఉద్యోగానికి పనికిరాకుండా చేసిన వైకల్యాలను మాత్రమే, వీఏ మాత్రం ఒంట్లో ఉన్న అన్నింటినీ చూస్తుంది. బోర్డు ఒక్క మోకాలికే 20 ఇస్తే సెవరెన్స్. నడుము కూడా అడ్డొచ్చిందని ఒప్పుకుని దానికి 10 కలిపితే 28, సర్దితే 30. అంతే, వైద్య కారణంపై రిటైర్మెంట్! జీవితాంతం పెన్షన్, కుటుంబానికి ట్రైకేర్ (సైనిక కుటుంబాల వైద్య బీమా) వైద్యం. పదిశాతం నడుము ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి తెచ్చిపెడుతుంది. (పెన్షన్‌కూ వీఏ పరిహారానికీ మధ్య మరో కోత ఉంది, అది వేరే పర్వం.) అందుకని బోర్డు తొలి నిర్ణయం రాగానే మొహమాటానికి సంతకం పెట్టేయకూడదు. ఫార్మల్ హియరింగ్ అడిగే హక్కుంది, సైన్యం లాయర్ ఉచితంగా దొరుకుతాడు, రేటింగ్‌ను పునఃపరిశీలించమని వీఏను ఒకసారి కోరవచ్చు. 48,000 మూట కళ్లెదుట ఆడుతుంటే ఇవేవీ గుర్తుండవన్నది వేరే సంగతి.

ఇక మోకాలికి భౌగోళిక జ్ఞానం ఉండాలి. విధి నిర్వహణలో యుద్ధక్షేత్రంలోనో, రక్షణశాఖ గుర్తించిన యుద్ధ సంబంధ ఆపరేషన్‌లోనో వైకల్యం వస్తే సెవరెన్స్‌ను వీఏ రాబట్టుకోదు. 2008 జనవరి 28న వచ్చిన చట్టం ఇది, ఆ రోజు నుంచి విడుదలైన వాళ్లకే. ముందురోజు విడుదలైన మోకాలు తొందరపడిందన్నమాట. అఫ్గానిస్తాన్‌లో డ్యూటీ మీద మెట్లు జారిన కాలికి కోత లేదు. నార్త్ కరొలైనాలో శిక్షణ కోసం విమానంలోంచి దూకి విరగ్గొట్టుకున్న కాలికి ఉంది. పడేముందు ఎక్కడున్నామో చూసుకోవడం సైనికుడి కనీస బాధ్యత. పడ్డాక చూసుకోవాల్సింది డీడీ-214 అనే విడుదల పత్రం. అందులో యుద్ధ సంబంధమన్న ముక్క లేకపోతే వీఏ గుమస్తా కోత మొదలుపెడతాడు, ఆయన తప్పేమీ లేదు. దిద్దించుకోవడానికి డీడీ-149 దరఖాస్తు పెట్టి, రికార్డుల సవరణ బోర్డు ముందు నిలబడాలి.

పైన చెప్పినదంతా వైకల్యానికి ఇచ్చిన సొమ్ము. ఒళ్లు బాగానే ఉన్నా సైన్యమే వద్దని పంపేస్తే ఇచ్చేది ఇన్‌వాలంటరీ సెపరేషన్ పే. ఏడాది మూలవేతనంలో 10 శాతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేస్తారు. నెలకు 4,000, సర్వీసు 10 ఏళ్లయితే మళ్లీ అదే 48,000. కానీ ఇక్కడ దయాదాక్షిణ్యాలు లేవు. డబ్బు ఏ అవయవానికీ ఇచ్చింది కాదు కాబట్టి అన్ని అవయవాల నుంచీ రాబడతారు. ఆ సర్వీసు తాలూకు వైకల్యాలకు వీఏ 70 శాతం ఇచ్చి, 2024 డిసెంబర్ నాటి అదే రేట్ల ప్రకారం నెలకు 1,759.19 రావాల్సి ఉంటే, పైసా ఇవ్వకుండా మొత్తం ఆపుతారు. ఉద్యోగం పోయినందుకు ఇచ్చిన సొమ్మును వినికిడి పోయినందుకు ఇవ్వాల్సిన దాంట్లోంచి కోయడం ఏ తర్కమని అడగొద్దు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. తిరిగి చేరి రెండో విడత సర్వీసులో కొత్తగా తెచ్చుకున్న వైకల్యానికి మాత్రం కోత వర్తించదు. కాస్త ఊరట, మళ్లీ దెబ్బ తగిలించుకునే ఓపిక ఉంటే.

పన్ను లెక్క మరో ఆణిముత్యం. 1996 సెప్టెంబర్ 30 తర్వాత ఇచ్చిన సొమ్మైతే, అప్పట్లో పట్టుకున్న ఫెడరల్ ఆదాయపు పన్ను పోగా మిగిలిందే రాబడతారు. 22 శాతం పట్టుకున్నారనుకుంటే 48,000లో 10,560 పోయి 37,440. అంటే 21 నెలలు పూర్తిగా ఉపవాసం, 22వ నెలలో అర్ధాకలి. ఆ తేదీ దాకా తీసుకున్న వాళ్లు పన్నుతో సహా కట్టాలి. తమ చేతికి రాని డబ్బు కూడా!

యుద్ధగాయాల సెవరెన్స్ మీద అసలు పన్నే ఉండకూడదు. అయినా 1991 జనవరి 17 నుంచి రక్షణశాఖ ఏళ్ల తరబడి పట్టుకుంటూ వచ్చింది. 2016లో చట్టం వచ్చాక, 2018లో 1,30,000 మందికి పైగా ఉత్తరాలు రాసింది. పాత కాగితాలు లేకపోయినా 1040-ఎక్స్ ఫారంలో (పాత పన్ను రిటర్నును సవరించేది) ఏకమొత్తం అడగవచ్చన్నారు: సొమ్ము 2005 వరకు తీసుకున్నవాళ్లు 1,750, 2006-2010 వాళ్లు 2,400, 2011-2016 వాళ్లు 3,200 డాలర్లు. ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలన్నారు. పాతికేళ్లు పట్టుకున్నవాళ్లు ఏడాది గడువిచ్చారంటే ఉదారమే.

అందరికన్నా అదృష్టవంతులు 1990లలో సైన్యాన్ని కుదించినప్పుడు స్వచ్ఛందంగా వెళ్లిపోయినవాళ్లు. వాళ్లకు ఏడాది మూలవేతనంలో 15 శాతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి ఇచ్చారు. ఏడాదికి 20,000 చొప్పున పదేళ్లు చేసినవాడికి 30,000 డాలర్లు. ఆ డబ్బుతో కొన్న కారు తుక్కయిపోయి ఎన్నాళ్లో అయింది. గల్ఫ్ యుద్ధపు పొగ ఇప్పుడు ఊపిరితిత్తుల్లో తేలుతోంది. 2022 ఆగస్టులో పాక్ట్ చట్టం వచ్చి, ఆ పొగకూ జబ్బులకూ సంబంధం ఉందని ఒప్పుకుంది. అరవై దాటిన పెద్దాయన దరఖాస్తు పెట్టుకున్నాడు. మంజూరైంది. ఉత్తరం విప్పి చూస్తే మొదటి గడిలో పరిహారం, రెండో గడిలో 1993 నాటి 30,000 బాపతు కోత, మూడో గడిలో సున్నా. పన్నుతో సహా.