సూట్‌కేసులో పోయిన గోళీలు

అమెరికా నుంచి ఇండియాకు ఎవరైనా పోతున్నారని తెలియగానే మనం కట్టి ఇచ్చే మూట దాదాపు అందరిదీ ఒకటే. బాదం పప్పు, చాక్లెట్లు, మేనల్లుడికి బూట్లు, విటమిన్ సీసా, దాని పక్కనే నొప్పుల గోళీల పెద్ద డబ్బా. నేనూ ఏడేళ్ళు అదే పని చేశాను. నల్లగొండ దిక్కు, చౌటుప్పల్ నుంచి మునుగోడు పోయే దారిలో మా ఊరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఏటా నాప్రోక్సెన్ అనే నొప్పుల గోళీల సీసా ఒకటి ఇంటికి చేరాల్సిందే. ఇప్పుడు నేను చెప్పేదేమిటంటే, ఆ సీసాలు పంపడం మానేద్దాం. ఈ మాట నచ్చనివాళ్ళు ఉంటారని తెలుసు. "మరి అమ్మ నొప్పితో ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవాలా?" అని మొన్న తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులోనే ఒక పెద్దాయన నా మీదికి లేచాడు.

మా దిక్కు మోకాళ్ళ నొప్పులంటే వయసు ఒక్కటే కాదు. బావి నీళ్ళల్లో, బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళున్నారు. గార పట్టిన పళ్ళు, వంగిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్ళు. పటిక, సున్నం కలిపి నీళ్ళల్లో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. గొప్పగా చెప్పుకోవాలో, సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. మిషన్ భగీరథ పైపుల్లో నీళ్ళు వచ్చాయి, సంతోషం. కానీ అరవై, డెబ్భై ఏళ్ళవాళ్ళ ఎముకల్లో చేరింది ఒక్కరోజులో పోయేది కాదు. అందుకే నొప్పుల గోళీ మా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉప్పు డబ్బా లాంటిది. ఆర్ఎంపీ దగ్గర పొట్లం, మెడికల్ షాపులో చీటీ లేకుండా పది గోళీలు, ఆపైన మనం పంపిన సీసా.

రెండేళ్ళ కింద సంక్రాంతికి పోయినప్పుడు అమ్మ పాదాలు వాచి ఉన్నాయి. చెప్పులు పట్టడం లేదు. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9 అని వచ్చింది. కిడ్నీల పని మందగిస్తే పెరిగే అంకె అది. ఆ రాత్రి ఆమె గోళీలు దాచుకునే పాత బిస్కట్ డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించాను. పదకొండు రకాలు.

"ఇవన్నీ దేనికమ్మా?"

"గీ తెల్లది బీపీకి బిడ్డా. గులాబీది గూడ బీపీకే. గిది షుగర్‌ది. గిది గ్యాస్‌ది. గీ చిన్నది నీరు పోవటానికి."

నేను డాక్టర్‌ను కాను, లెక్కలు రాసుకునేవాణ్ని. అలవాటు కొద్దీ ఏది ఎవరు రాశారు, ఎప్పటి నుంచి అని ఒక కాగితం మీద వరసగా రాశాను. రాస్తుంటే కథ బయటపడింది. మొదట బీపీకి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉండేది. బీపీ తగ్గడం లేదని దాన్ని హెచ్ ఉన్న రకానికి మార్చారు. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో నీటిని మూత్రంలోకి తోసే మందు. అయినా తగ్గకపోతే అమ్లోడిపిన్ కలిపారు. అది వాడేవాళ్ళలో కొందరికి చీలమండలు వాస్తాయి. వాపు చూసి ఇంకో డాక్టర్ ఫ్యూరోసిమైడ్ రాశాడు, అదీ నీరు పోయే మందే. మధ్యలో కడుపులో మంటకు పాంటోప్రజోల్. ఎవరూ తప్పు రాయలేదు. ఎదురుగా కనబడిన దానికి మందు రాశారు, అంతే.

కనబడనిది నా సీసా. నాప్రోక్సెన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ అన్నీ ఒకే కుదురు. నొప్పి తగ్గిస్తూనే ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి, బీపీని పైకి లేపుతాయి, కిడ్నీలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి మందు, నీరు పోయే మందు, నొప్పుల గోళీ మూడూ ఒకే మనిషి ఒంట్లో కలిస్తే కిడ్నీల మీద మూడు వైపుల నుంచి దెబ్బ. మే నెలలో నల్లగొండ ఎండకు చెమటలు పట్టి, పైగా రెండు వాంతులో విరేచనాలో అయితే ఇక చెప్పే పని లేదు. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపే ముఖ్యమైన దారి కూడా ఆ కిడ్నీలే.

ఇన్నేళ్ళలో ఏ డాక్టర్‌కూ ఆ సీసా సంగతి ఎందుకు చెప్పలేదని అమ్మను అడిగాను. "అది మందు కాదు గదా, నువ్వు పంపిన సామాను" అంది.

తిరిగి వచ్చాక సీసా వెనక లేబుల్ మొదటిసారి చదివాను. డాక్టర్ చెప్పకుండా నొప్పికి పది రోజులకు మించి వాడొద్దు. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నా, నీరు పోయే మందు వాడుతున్నా ముందు డాక్టర్‌ను అడగండి. అరవై దాటినవాళ్ళకు కడుపులో రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. అమ్మ గురించే రాసినట్టుంది, కాకపోతే ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇక్కడ పిల్లలకు దగ్గు మందు కొంటే కూడా పాంప్లెట్ మొత్తం చదివే మనిషిని నేను.

చిన్నప్పుడు ఊరవతల చచ్చిన పశువుల మీద రాబందులు వాలేవి. తర్వాత అవి కనబడకుండా పోయాయి. పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ ఆ మాంసం తిన్న రాబందుల కిడ్నీలను చంపేసిందని 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. రాబందు కిడ్నీ, మనిషి కిడ్నీ ఒకటి కాదు, ఆ పోలికను అంతదూరం లాగను. కానీ అదే మందును మా ఊళ్ళో మెడికల్ షాపులో ఇప్పటికీ బఠానీల్లా ఇస్తారు.

"అమెరికా మందు పవర్ ఎక్కువ" అనే నమ్మకం ఒకటుంది మనవాళ్ళకు. మందు అదే. నాప్రోక్సెన్ ముడిసరుకు ప్రపంచానికి సరఫరా చేసే పెద్ద కంపెనీ ఒకదాని ఫ్యాక్టరీ మా చౌటుప్పల్ పక్కనే ఉంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో తయారైన గోళీలు అమెరికాకు వస్తాయి. మనం వాటిని మళ్ళీ సూట్‌కేసులో పెట్టి పాలమూరు పంపుతున్నాం. మారేది పేరే. అక్కడ పారాసెటమాల్, ఇక్కడ ఎసిటమినోఫెన్. ఆయాసానికి అక్కడ సాల్బుటమాల్, ఇక్కడ ఆల్బ్యుటెరాల్. రెండు పేర్లు రెండు మందులనుకుని రెండూ వేసుకునేవాళ్ళున్నారు.

మరి నొప్పికి ఏం చెయ్యాలన్న పాట్‌లక్ పెద్దాయనకు నా దగ్గరున్న జవాబు ఇంతే. కిడ్నీలు బాగాలేని పెద్దవాళ్ళకు డాక్టర్లు మొదట చూసేది పారాసెటమాల్, అదీ రోజుకు ఇంత అని లెక్క పెట్టి. కొన్ని జలుబు గోళీల్లో, కొన్ని అసిక్లోఫెనాక్ గోళీల్లో కూడా అది కలిసి ఉంటుంది కాబట్టి లెక్క తప్పితే లివర్‌కు ముప్పు. మోకాలికి పైపూత జెల్, కాళ్ళకు వ్యాయామం ఉన్నాయి. తీరదు, తగ్గుతుంది. అమ్మకు ఇప్పటికీ నొప్పి ఉంది. డాక్టర్ నాప్రోక్సెన్, ఫ్యూరోసిమైడ్, ఇంకొకటి ఆపించాక మూడు నెలలకు క్రియాటినిన్ 1.3కి దిగింది, వాపు పోయింది. ఇది చదివి ఎవరూ తమంతట తాము ఏదీ ఆపొద్దు. బీపీ గోళీలు, స్టెరాయిడ్లు హఠాత్తుగా ఆపితే అదో ప్రమాదం.

మనం పంపాల్సింది సీసా కాదు, ఆదివారం పొద్దున ఒక గంట. వీడియో కాల్‌లో అమ్మానాన్నలను డబ్బా బోర్లించమనండి. బీపీ గోళీ అంటే చాలదు, స్ట్రిప్ మీద ఉన్న మందు పేరు కావాలి. రంగును నమ్మొద్దు. షాపువాడు కంపెనీ మారిస్తే రంగు మారుతుంది, పాతదీ కొత్తదీ కలిపి డబుల్ డోసు పడుతుంది. పొడి దగ్గు నెలల తరబడి పోకపోతే సిరప్ కొనేముందు ర్యామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటి బీపీ మందులేమైనా ఉన్నాయేమో చూడండి, కొందరికి ఆ దగ్గు వాటితోనే వస్తుంది. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్ళు శివరాత్రికో తొలి ఏకాదశికో ఒక్కపొద్దు ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆ రోజు గోళీ ఏం చెయ్యాలో ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. మందు పడలేదని అనుమానమొస్తే ఇండియాలో అలాంటి ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు మామూలు మనుషులు కూడా చెప్పొచ్చు. మా ఊళ్ళో ఆ నంబరు తెలిసినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

పోయిన ఆదివారం మా కాల్‌లో అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. కత్తెరతో కోసిచ్చిన నాలుగు గోళీల ముక్క. పేరు, తేదీ ఉన్న భాగం షాపువాడి దగ్గరే ఉండిపోయింది. ఏం మందో అమ్మకూ తెలియదు.

"పారెయ్యమ్మా."

"ఇరవై రూపాలు పెట్టి కొన్న బిడ్డా," అని మళ్ళీ డబ్బాలోనే వేసింది.