మార్చి 31లోగా సృజనాత్మకత

సర్కారు బడుల్లో కళలకు చోటు లేదని ఏటా ఎవరో ఒకరు వాపోతూనే ఉంటారు. పచ్చి అపనింద. చోటు ఉంది. హెచ్‌ఎం గదిలో ఇనప బీరువా, కింది నుంచి రెండో అర. పన్నెండు రంగుల క్రేయాన్ పెట్టెలు, స్కెచ్ పెన్నుల సెట్లు, మూత సీలు విప్పని పోస్టర్ కలర్ సీసాలు అక్కడ కొలువుదీరి ఉంటాయి. బీరువాకు తాళం, తాళానికి చెవి, చెవికి ఒక బాధ్యుడు, ఆయన పేరు మీద చార్జి లిస్టు. రాజుల కాలంలోనైనా కళలకు ఇంత కట్టుదిట్టమైన రక్షణ దొరికిందా?

ఈ ఏర్పాటు ఒక్కరోజులో కుదిరింది కాదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అంది. 2009 విద్యాహక్కు చట్టం మరింత నిక్కచ్చిగా తేల్చింది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే కళలకొక పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. అంటే వందో పిల్ల దాకా కళ అక్కర్లేదు. నూట ఒకటో పిల్ల చేరిన పూటే బడిలో బొమ్మల దాహం పుడుతుంది. ఆ పిల్ల నడిసంవత్సరం టీసీ తీసుకుని వెళ్లిపోతే దాహం ఏమవుతుందో చట్టం షెడ్యూలులో లేదు.

తర్వాత 2020 జాతీయ విద్యావిధానం వచ్చి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు పది రోజులు సంచి లేని బడి అంది. కుమ్మరి, వడ్రంగి, తోటమాలి, చిత్రకారుడు లాంటి వాళ్ల దగ్గర పని చూసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచన, వెటకారం కాదు. చిక్కల్లా ఒక్కటే. పెన్సిలు ఉండేది సంచిలో. సంచి తేవద్దని ముందురోజు ప్రార్థనలో ప్రకటిస్తే పిల్లలు తు.చ. తప్పకుండా పాటిస్తారు. పెన్సిలు, రబ్బరు, స్కేలు, కొందరైతే మధ్యాహ్న భోజనం పళ్లెం కూడా ఇంట్లో వదిలి చేతులూపుకుంటూ వస్తారు. నలభై మందికి నాలుగు పెన్సిళ్లు పోగవుతాయి. సృజనాత్మకత అంటే ఉన్నదాంతో సర్దుకోవడమే అనుకుంటే ఆ రోజు లక్ష్యం పది గంటలకే నెరవేరినట్టు.

ఇక 'స్థానిక కళల పరిచయం'. పీరియడు నలభై నిమిషాలు. శ్రీకాళహస్తి కలంకారీని తీసుకుందాం. గంజి వదిలించిన నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెట్టాలి. పాలలోని కొవ్వు వల్లే రంగు గుడ్డమీద చెదరకుండా గీతలో నిలుస్తుంది. చింతబరికె బొగ్గుతో చిత్తుగీత. నల్లరంగుకు ఇనప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. ఎరుపు రావాల్సినచోట పటిక పూసి, ఆరనిచ్చి, పారే నీటిలో ఉతికి, రంగునిచ్చే మొక్కల వేళ్లతో ఉడికించాలి. తొందరపడి పటిక ఆరకముందే ఉతికితే ఎరుపు మరకలు మరకలుగా తేలుతుంది. ఇదంతా నలభై నిమిషాల్లో, అందులో హాజరుకు ఐదు తీసేయగా, ఎలా? పరిష్కారం ఎప్పుడో దొరికింది. నెమలి బొమ్మ జిరాక్సు తీసి, స్కెచ్ పెన్నుతో నింపమంటారు. దానికి 'కలంకారీ' అని శీర్షిక. పేరులో తప్పేమీ లేదు. కలం ఉంది, కారీ ఉంది.

మట్టి చౌక కదా, బొమ్మలు చేయించొచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. చెరువు మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, గుప్పెడు సన్నటి ఊక కలిపి పిసికితే నలభై మందికి ఇరవై కిలోలు చాలు. తలా అరకిలో. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. వరండాలో ఎండకు పెడితే పైపొర ముందు బిగుసుకుని, లోపలి తడి తర్వాత ఇంకి, వినాయకుడి బొజ్జ నిలువునా పగులుతుంది. ఇదంతా మాస్టార్లకు తెలియక కాదు. కుమ్మరికి బిల్లు పుస్తకం లేదు. బిల్లు లేనిది డబ్బు రాదు, డబ్బు పోనిది ఖర్చు కాదు, ఖర్చు కానిది కార్యక్రమమే కాదు. ఊరికే దొరికే మట్టితో కళ నేర్పిన మాస్టారు ప్రభుత్వం దృష్టిలో ఆ రోజు ఏ పనీ చేయలేదు. అదే టౌనులో స్టేషనరీ షాపు నుంచి రంగురంగుల క్లే పాకెట్లు తెస్తే జీఎస్టీ నంబరు, రబ్బరు స్టాంపు, సంతకం అన్నీ ఉంటాయి. పాకెట్ విప్పడం ఒక్కటే మిగులుతుంది. దాని సంగతి తర్వాత.

డబ్బు ఎక్కడిదంటారా? సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఖర్చులన్నిటికీ కలిపిన సొమ్ము, ఉంది. పిల్లలు ముప్ఫై దాటి వంద లోపయితే ఏటా 25 వేలు, వంద దాటి 250 లోపయితే 50 వేలు. ఇందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు. తర్వాత కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, విరిగిన కుళాయి, ఊడిన కిటికీ రెక్క. అన్నీ పోగా మిగిలింది పిల్లల ఊహాశక్తికి. ఇప్పుడు ఆ డబ్బు బడి ఖాతాలో పడదు కూడా. 2021లో వచ్చిన కొత్త పద్ధతిలో సొమ్మంతా రాష్ట్రస్థాయి ఖాతా ఒక్కదాంట్లో ఉంటుంది, బడికి కనిపించేది లిమిట్, అంటే ఇంతదాకా ఖర్చు పెట్టొచ్చనే అంకె, మాత్రమే. అద్దంలో లడ్డూ లాంటిది. షాపువాణ్ని పీఎఫ్‌ఎంఎస్ అనే సర్కారు చెల్లింపుల పోర్టల్‌లో వెండర్‌గా ఎక్కించాలి. ఒకరు బిల్లు పెడితే ఇంకొకరు ఆమోదించాలి. పేమెంట్ అడ్వైజ్ అనే చెల్లింపు పత్రం ప్రింటు తీసి, సంతకాలు పెట్టి, గడువులోగా బ్యాంకులో ఇవ్వాలి. షాపువాడి ఖాతా నంబరులో ఒక అంకె తప్పినా మళ్లీ మొదటికి. లిమిట్ రెండో విడత కనిపించేసరికి ఫిబ్రవరి దాటుతుంది. మార్చి 31 రాత్రికి వాడని లిమిట్ వెనక్కిపోతుంది.

కాబట్టి తెలుగు నేలమీద బాలల కళాతృష్ణ మార్చి మూడో వారంలో ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి, ఒంటిపూట బడులు మొదలై ఉంటాయి, అయినా అది ఆగదు. చార్టుల షాపుల ముందు హెచ్‌ఎంల స్కూటర్లు బారులు తీరతాయి. ఆ వారం దొరికేది నున్నటి చార్టే. దానిమీద నీటిరంగు నిలవదు, పూసలు పూసలుగా జారి, ఆరాక అంచులు పైకి ముడుచుకుంటాయి. నీటిరంగుకు మందపాటి గరుకు కాగితం కావాలి. కొటేషన్లో మాత్రం 'చార్టు' అనే ఉంటుంది.

అసలు కళ ఏదో చూడాలంటే కళా ఉత్సవ్‌కు పోవాలి. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు కేంద్రం పెట్టిన బడి, జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి పోటీలు. మొదలైనప్పుడు కళలు నాలుగు: సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ. తర్వాత పెరిగి పెరిగి పదయ్యాయి. 2024లో ఆరుకు దిగాయి. నిరుడు ఒంటరిగా పాడిన పిల్ల ఈ ఏడాది బృందం వెతుక్కోవాల్సి రావచ్చు. కొత్త మార్గదర్శకాలు బడికి చేరేలోగా జిల్లా పోటీ తేదీ చేరుతుంది. మూడు రోజుల్లో బృందం కావాలి. అందుకు ప్రతి జిల్లాలోనూ నమ్మకమైన దారి ఒకటి ఉంది: ఇంటిదగ్గర డబ్బు కట్టి కూచిపూడో వయొలినో నేర్చుకుంటున్న పిల్లలు ఏ బడిలో ఉన్నారో కనుక్కోవడం. వాళ్లకు బహుమతి వస్తే అది బడి ఘనత. డప్పు బాగా కొట్టే కుర్రాడు ఆ పూట కుర్చీలు మోస్తుంటాడు. నిర్వహణ కూడా కళే గదా.

డ్రాయింగ్ మాస్టారు ఉన్న బడులు అదృష్టం చేసుకున్నవి. ఆయన పదవీ విరమణ దాకా ఖాళీగా ఉండరు. గోడమీద సూక్తులు, ఎన్నికల డ్యూటీ, బియ్యం లెక్క, ప్రోగ్రెస్ కార్డులమీద అందమైన దస్తూరీతో పేర్లు. ఆయన దిగిపోయాక పోస్టు కూడా ఆయనతో పాటే విశ్రాంతి తీసుకుంటుంది.

ఇక సాక్ష్యం. జియోట్యాగ్ ఫొటో లేనిదే కార్యక్రమం జరిగినట్టు కాదు. ఫ్రేములో మొదట ఫ్లెక్సీ పూర్తిగా పడాలి, తర్వాత పెద్దలు, తర్వాత స్థలముంటే పిల్లలు. బొమ్మలను ఎత్తి పట్టుకోమంటారు. అప్పుడు ముఖాలు కనబడవు. కిందికి దించమంటే బొమ్మలు కనబడవు. మధ్యేమార్గంగా గడ్డం కింద పట్టుకుంటారు. సిగ్నలు లేని ఊళ్లో అక్షాంశం రేఖాంశం పడే దాకా అలాగే నిలబడాలి. ఆ ఒక్క ఫొటో కోసమే రెండు క్రేయాన్ పెట్టెలు బీరువా దిగుతాయి. కాగానే ఎక్కుతాయి.

ఎందుకెక్కాలంటే లెక్క అలాంటిది. క్రేయాను వాడితే అరుగుతుంది. అరిగితే స్టాకు రిజిస్టర్లో తగ్గించి రాయాలి. తగ్గిస్తే ఆడిట్‌లో ఎవరికిచ్చారు, ఎన్నిచ్చారు, సంతకమేది అంటారు. ఆరేళ్ల పిల్లల చేత సంతకం పెట్టించలేరు. ఇరవై నాలుగు పెట్టెలు ఇరవై నాలుగుగానే ఉంటే ఎవరూ ఏమీ అడగరు. స్కెచ్ పెన్నులు మాత్రం ఈ క్రమశిక్షణకు లొంగవు, ఏడాది రెండేళ్లకు మూతల్లోనే ఎండిపోతాయి. ఎండినవాటిని పారేయడానికి లేదు, నిరుపయోగమని కమిటీ తీర్మానం కావాలి. తీర్మానానికి కారణం రాయాలి. 'వాడకపోవడం వల్ల' అని ఏ హెచ్‌ఎం రాస్తాడు? అందుకని ఎండినవి అరలోనే ఉంటాయి. మళ్లీ మార్చిలో కొత్తవి వస్తాయి. ఇప్పుడు రెండో అర నిండింది, మూడోదాంట్లో మ్యాపులున్నాయి. వచ్చే ఏడు గ్రాంటులో మొదటి ఖర్చు ఇంకో బీరువా.