సవరణ: అమ్మానాన్నలు సరేనంటే చాలదు
గత పోస్టులో "తల్లిదండ్రులు ఒప్పుకుంటే జబ్బుపడ్డ పిల్లల పేరు, ఫొటో వార్తల్లో వేయొచ్చు" అని ఉంది. ఒప్పుకోలు ఒక్కటే చాలదని చేర్చి చదవండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 16వ అధికరణంలో గోప్యత హక్కును నేరుగా పిల్లలకే ఇచ్చింది. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల విషయంలో యూనిసెఫ్ మార్గదర్శకాలు ఇంకా కచ్చితం: అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి లేకపోతే పేరు మార్చాలి, ముఖం కనబడకూడదు.

ముఖం బ్లర్ చేసి చేతులు దులుపుకోవడం మామూలైపోయింది. మణికట్టు పట్టీ మీద పేరు, మంచం పక్కన కేస్ షీటు మాత్రం ఫొటోలో అలాగే ఉంటాయి! అరుదైన జబ్బయితే ఊరు, వయసు చాలు, ఇట్టే పోల్చుకుంటారు. విరాళాలడిగే వార్తలకూ ఇదే వర్తిస్తుంది. ఆ టెన్షన్‌లో తల్లిదండ్రులు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు.