చెంగ్డూకు వెళ్ళే తెలుగువారు ఎక్కడ తినాలి?

చైనా ప్రయాణానికి సిద్ధమయ్యే మనవారి జాబితాల్లో సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూ పేరు ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. పాండాలను, లెషాన్ మహాబుద్ధుణ్ణి చూడడానికి వెళ్ళేవారితో పాటు సిచువాన్ వైద్య కళాశాలల్లో చదువుకునే పిల్లలను పలకరించడానికి వెళ్ళే తల్లిదండ్రులూ ఉన్నారు. అయితే భోజనం దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామంది చేసే పనులు రెండే. దిగిన రాత్రే, బల్ల మీద మరిగే రసంలో ముక్కలు ఉడికించుకుని తినే, అన్నిటికన్నా ఘాటైన హాట్‌పాట్ ముందు కూర్చుని గుంటూరు పరువు నిలబెట్టాలని చూడడం ఒకటి. మరునాడు కడుపు మొరాయించగానే భారతీయ రెస్టారెంటు వెతుక్కుని, మిగిలిన రోజులన్నీ పప్పుతోనూ రొట్టెలతోనూ గడిపివేయడం రెండోది. 2010లో యునెస్కో పాకకళా నగరంగా గుర్తించిన, ఆసియాలో ఆ గౌరవం మొట్టమొదట పొందిన ఊరిలో ఇలా తినడం మనం చేజేతులా చేసుకుంటున్న నష్టమని నా అభిప్రాయం.

ముందుగా కారం సంగతి తేల్చుకోవాలి. మిరపకాయ మనకు ఎలా పరాయి దేశం నుంచి వచ్చిందో చైనాకూ అలాగే వచ్చింది. సిచువాన్ రాతల్లో దాని ప్రస్తావన 18వ శతాబ్దంలో గాని కనిపించదు. అక్కడివారు ఎక్కువగా ఇష్టపడే అర్జింగ్‌తియావ్ అనే పొడవాటి మిరపకాయలో రంగూ పరిమళమూ ఎక్కువ, ఘాటు తక్కువ. ఘాటు కావలసినచోట వాడుకోవడానికి గుంటూరు, ఖమ్మం మార్కెట్ల నుంచి మన తేజ రకం మిరప పెద్దయెత్తున చైనాకు ఎగుమతి అవుతోంది. కాబట్టి కారంలో మనల్ని మనం చాటుకోవడానికి అంత దూరం వెళ్ళనక్కరలేదు. అక్కడ మనకు నిజంగా కొత్తది హువాజియావ్ అనే చిన్న ఎర్రటి కాయ. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తెప్పల్‌కు ఇది దగ్గరి చుట్టం. నాలుక మీద పడిన కాసేపటికి పెదవులు జిల్లుమని తిమ్మిరెక్కుతాయి. ఆ అదురు సెకనుకు దాదాపు 50 సార్లు కొట్టే ప్రకంపనలా తోస్తుందని 2013లో లండన్ పరిశోధకులు కొలిచి చూపించారు. ఆ తిమ్మిరి ఎక్కిన నాలుకకు కారం మండినట్టు కాక విచ్చుకున్నట్టు అనిపిస్తుంది. తీపి, పులుపు, నువ్వుల కమ్మదనం, ఊరవేసిన ఆకుకూరల ఉప్పదనం, వెల్లుల్లి ఘాటు ఒకదాని తరువాత ఒకటి తెలుస్తాయి. ఈ వరుసను ఆస్వాదించడానికి వీలున్న చోటే తినాలన్నది నేను పాటించే కొలమానం. ఆ కొలమానంతో చూస్తే ఎక్కడికి వెళ్ళాలో దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

మొదటి రోజు వెన్షు బౌద్ధారామం వైపు వెళ్ళమంటాను. మంజుశ్రీ బోధిసత్త్వుడి పేరు మీద వెలసిన ఆ ఆరామానికి మెట్రో మొదటి లైనులో అదే పేరుతో స్టేషను ఉంది. ఆరామానికి చెందిన శాకాహార భోజనశాలలో మాంసం ముట్టనివారు ఎవరినీ ఏమీ అడగకుండా నిశ్చింతగా కూర్చోవచ్చు. అంతకన్నా నాకు ప్రియమైనది ఆరామం ఎదుటి వీధిలో ఉన్న జాంగ్ వారి లియాంగ్‌ఫెన్ దుకాణం. లియాంగ్‌ఫెన్ అంటే గింజల పిండితో గడ్డకట్టించి, చల్లగా ముక్కలు కోసి, మిరప నూనె, వెల్లుల్లి, మసాలా వేసి ఇచ్చే పదార్థం. దాని పక్కనే తియాన్‌ష్వే మియాన్ కూడా చెప్పుకోవాలి. చాప్‌స్టిక్ అంత లావున ఉండే ఆ నూడుల్స్‌ను తీపి పట్టించిన సోయా పాకంలోను, నువ్వుల ముద్దలోను, మిరప నూనెలోను కలిపి ఇస్తారు. గిన్నె చిన్నది, ధర స్వల్పం, బల్లలు ఇరుకు, వరుస పొడవు. సిచువాన్ వంట అంటే ఏమిటో ఒక్క గిన్నెలో చూపించమని ఎవరైనా అడిగితే నేను ఖరీదైన విందుశాల పేరు చెప్పను, దీని పేరే చెబుతాను.

రెండోది, పర్యాటకులు ఎక్కువగా వెళతారని తెలిసినా నేను వెనకేసుకొచ్చే చోటు, చెన్ మాపో తోఫు. 1862లో నగరానికి ఉత్తరాన వాన్‌ఫు వంతెన దగ్గర చెన్ ఇంటి ఆవిడ బరువులు మోసే కూలీలకు వండిపెట్టిన కూర అది. ఆ పేరుతోనే నడుస్తున్న రెస్టారెంటుకు ఇప్పుడు నగరంలో శాఖలున్నాయి. మెత్తని తోఫు (సోయా పాలతో చేసే పనీరు వంటిది) ముక్కలు పొగలు కక్కే ఎర్రటి నూనెలో చెక్కుచెదరకుండా వస్తాయి, పైన హువాజియావ్ పొడి చల్లి ఉంటుంది. ఆ కూరకు ప్రాణం పీషియెన్ దౌబాన్ అనే ముద్ద. చెంగ్డూ శివారులోని పీదూ ప్రాంతంలో ఫావా చిక్కుడు గింజలను, పండు మిరపకాయలను ఉప్పుతో కలిపి పెద్ద జాడీల్లో వేసి, ఎండబెడుతూ కలుపుతూ ఏడాదికి పైగా మాగనిస్తారు; మన ఇళ్ళలో పండుమిరపకాయ పచ్చడి జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసనకు బాగా ముదిరిన రూపం ఆ ముద్దలో ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో మాపో తోఫు తిన్నవారు కూడా ఇక్కడ ఒకసారి తిని చూడాలి. అయితే అసలు వంటకంలో పశుమాంసపు కైమా ఉంటుంది కాబట్టి వద్దనుకునేవారు ముందే చెప్పుకోవాలి.

తరువాతి పూటలు యూలిన్ పేటకు కేటాయించాలి. నగరానికి దక్షిణంగా ఉన్న ఆ పాత నివాస ప్రాంతపు సందుల్లో ఐదారు బల్లలు మాత్రమే పట్టే చిన్న హోటళ్ళు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. చెంగ్డూవాసులు వాటిని ముద్దుగా ఈగల హోటళ్ళని పిలుచుకుంటారు. గోడలకు నూనె జిడ్డు ఉండవచ్చు, మెనూలో ఇంగ్లీషు ఉండకపోవచ్చు, కాని పెనం ఎప్పుడూ చల్లారదు. వండినది బల్ల మీదికి రావడానికి నిమిషాలు పట్టదు. యూషియాంగ్ పద్ధతిలో, అంటే ఊరవేసిన మిరప, అల్లం, వెల్లుల్లితో తీపి పులుపు కలిపి చేసిన వంకాయ, ఎండు మిరపకాయలతో వేయించిన బంగాళాదుంప తురుము, పల్లీలతో చేసిన గోంగ్‌బావ్ కోడి, ఒక తెల్లన్నం గిన్నె చెప్పుకుంటే ఇద్దరికి సంతృప్తికరమైన భోజనం. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటగదులు విరామం తీసుకుంటాయి కాబట్టి పన్నెండింటికే వెళ్ళడం మంచిది. చెల్లింపులు ఫోనులోనే జరుగుతాయి. విదేశీ కార్డును అలీపే లేదా వీచాట్‌కు ఇంటి దగ్గరే జోడించుకుని బయలుదేరాలి. పొద్దున్న ఫలహారానికి చున్‌షీ వీధి పరిసరాల్లోని లోంగ్ చావ్‌షౌ వంటి పాత పేర్లు కూడా పరవాలేదు. కువాన్‌జాయ్ సందులు, జిన్‌లీ వీధి చూడడానికి ఎంతో అందమైనవి, అక్కడ తిరగండి, ఫొటోలు తీసుకోండి, భోజనం మాత్రం మరోచోట చేయండి.

శాకాహారుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో పెద్దవారితో వెళ్ళేటప్పుడు అసలు చిక్కు అక్కడే వస్తుంది. కూరగాయల వంటకమని మెనూలో బొమ్మ చూసి చెప్పుకున్నదానిలో కాస్త పంది కైమా గాని, పంది కొవ్వు గాని ఉండడం అక్కడ మామూలు విషయం. దాన్‌దాన్ నూడుల్స్ మీద చల్లేదీ, వేయించిన బీన్స్‌లో కలిపేదీ సాధారణంగా అదే. ఇందులో మోసమేమీ లేదు, వారి దృష్టిలో అది తాలింపు వంటిది. 'వో చీ సూ' అంటే నేను శాకాహారినని, 'బూ యావ్ రౌ' అంటే మాంసం వద్దని. ఈ రెండు మాటలూ నోటికి వచ్చినా, ఫోనులో చైనా లిపిలో రాయించుకున్న వాక్యం చూపించడం మరింత క్షేమం. కాస్త ఖర్చు పెట్టగలవారికి దాత్స్ ఆలయం పక్కన టెంపుల్ హౌస్ హోటల్లోని మీ షున్ టీహౌస్ పూర్తి శాకాహార భోజనశాల. పెద్దవాళ్ళు తినలేరేమోనన్న భయంతో వారిని హోటల్ గదిలో అటుకులతో, ఊరగాయతో కూర్చోబెట్టి మిగిలినవారు బయటికి వెళ్ళడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వెన్షు ఆరామం ఉన్న ఊరిలో ఆ అవసరం లేదు.

హాట్‌పాట్‌ను నేను వద్దనడం లేదు, చివరి రాత్రికి ఉంచుకోమంటున్నాను. ఒకే ఎర్రటి రసంలో ఉడికిన తామరదుంప, పుట్టగొడుగు, చేప, తోఫు చర్మం అన్నీ కొంతసేపటికి ఒకే రుచికి వస్తాయి. మొదటి రాత్రే దానితో నాలుకను అలసట పెడితే తరువాతి రెండు రోజులూ సున్నితమైన రుచులు అందవు. పైగా పొరుగు నగరం చోంగ్‌చింగ్ నుంచి వచ్చిన పద్ధతిలో ఆ రసానికి ఆధారం పశువుల కొవ్వు. అది వద్దనుకునేవారు నూనెతో చేసే 'చింగ్‌యౌ' రసం ఉందో లేదో బల్ల దగ్గర కూర్చోకముందే అడగాలి, లేకపోతే పుట్టగొడుగుల తెల్ల రసం తీసుకోవాలి. కారం 'వే లా', అంటే తక్కువ స్థాయి, దగ్గర మొదలుపెట్టాలి. ముంచుకోవడానికి ఇచ్చే నువ్వుల నూనెలో దంచిన వెల్లుల్లి, కొత్తిమీర ధారాళంగా వేసుకోవాలి; వేడినీ మంటనూ తగ్గించేది ఆ గిన్నే. బృందంగా వెళ్ళే మనవారు యాత్రా సంస్థవారితో మాట్లాడేటప్పుడు భోజనాలన్నీ కలిపిన ప్యాకేజీకి ఒప్పుకోకుండా, కనీసం రెండు మధ్యాహ్నాలు భోజనం విడిచిపెట్టించుకోవాలని, ఆ రెండు పూటలూ నలుగురేసి చొప్పున విడిపోయి యూలిన్ సందుల్లోకి వెళ్ళాలని నా విన్నపం. నలభైమంది ఒకేసారి పట్టే హోటల్లో నేను పైన చెప్పిన వంటలేవీ వేడిగా బల్ల మీదికి రావు.