నినాదం లేదు, ఒక మార్కు కోత

మన పదో తరగతి పిల్లలకు లోకాన్ని ఒప్పించే విద్య వచ్చు. తెలుగు పరీక్షలో "కింది అంశంపై కరపత్రం తయారు చేయండి" అని అడగడమే ఆలస్యం. ప్లాస్టిక్ కానివ్వండి, బాల్యవివాహాలు కానివ్వండి, పరభాషా వ్యామోహం కానివ్వండి, పావుగంటలో జనాన్ని మార్చి పారేస్తారు. మార్చే పద్ధతి మాత్రం ఒక్కటే. పైన గీతలు కొట్టి శీర్షిక. దాని కింద "సోదర సోదరీమణులారా!" ఆ కింద "నేడు మన సమాజాన్ని పట్టి పీడిస్తున్న సమస్యలలో చుక్కలు చుక్కలు ఒకటి" అనే వాక్యం. ఆ చుక్కల్లో ఏదైనా పడుతుంది. చెట్ల పెంపకం మీద ప్రశ్న వచ్చినప్పుడు ఒక బాబు "నేడు మన సమాజాన్ని పట్టి పీడిస్తున్న సమస్యలలో వృక్షసంపద ఒకటి" అని రాశాడు. ఫార్మాట్ సరిపోయింది, మార్కులు పడ్డాయి.

తర్వాత మూడు నినాదాలు. రండి, కదలండి, చేయి చేయి కలపండి. ఎక్కడికి రావాలో, ఎటు కదలాలో, కలిపిన చేతుల్తో ఏం చేయాలో గైడ్లో లేదు కాబట్టి పిల్లలూ రాయరు. చివర "ఇట్లు" అని పెట్టి వరుసగా నాలుగు ఇంటూ గుర్తులు. పరీక్షలో పేరు రాయకూడదు మరి. అలా మన రాష్ట్రాల్లో ఏటా లక్షల కరపత్రాలు పుడుతున్నాయి. ఒక్కోదానికి పాఠకుడు ఒక్కడే, ఏప్రిల్ ఎండల్లో స్పాట్ వాల్యుయేషన్‌కి వచ్చిన మాస్టారు. ఆయన ప్లాస్టిక్ నిషేధం మీద పొద్దుటి నుంచి వరసగా కరపత్రాలు చదివి, మధ్యాహ్నం ప్లాస్టిక్ కవర్లో కట్టించుకొచ్చిన సాంబారన్నం తిని, మళ్లీ వచ్చి మిగతావి చదువుతారు. ఆయన్నని లాభం లేదు. చదవమన్నారు గానీ మారమనలేదు.

ఈ విద్యను నేను తక్కువ చేయడం లేదు. ఎవరికి చెబుతున్నామో తెలియకుండా, ఏం చేయమంటున్నామో చెప్పకుండా, చెప్పిందెవరో బయటపడకుండా పేజీ నింపడం మాటలు కాదు. రేపు ప్రభుత్వ ప్రకటనలు రాసే ఉద్యోగం వస్తే పనికొస్తుంది.

అయితే తెలుగు నేల మీద అచ్చయిన కరపత్రాల్లో జనాన్ని నిజంగా పరుగులు పెట్టించింది ఏదంటే, నా ఓటు పాము కరపత్రానికే. నలభై దాటినవాళ్లు దాన్ని మరిచిపోయి ఉండరు. ఫలానా గుడిలో పూజారి ముందు పాము ప్రత్యక్షమైంది, మనిషి రూపం ఎత్తింది, కలియుగంలో నేను వస్తున్నానని చెప్పింది. ఈ సంగతి వెయ్యి కాగితాలు అచ్చు వేయించి పంచినవాడికి ఇన్ని రోజుల్లో ధనలాభం. ఒకాయన పంచాడు, లంకెబిందె దొరికింది. ఇంకొకాయన నవ్వి చించేశాడు, వారం తిరక్కుండా ఇంట్లో మనిషి పోయాడు. అంతే. అప్పు చేసి అచ్చు వేయించినవాళ్లున్నారు. ఆ పాము వల్ల నిజంగా ధనలాభం కలిగింది ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్లకే అనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు అదే పాము వాట్సాప్‌లోకి చేరి, అచ్చు ఖర్చు లేకుండా పదకొండు మందితో సరిపెట్టుకుంటోంది.

ఈ పామే పదో తరగతి పరీక్ష రాసిందనుకుందాం. పేపరు స్పాట్‌లో మాస్టారి బల్ల మీదికి వచ్చింది. ఎర్ర పెన్ను తీశారు. సంబోధన ఏది? "సోదర సోదరీమణులారా" లేదు. చదివేవాణ్ణి పట్టుకుని నేరుగా "నువ్వు" అంటోంది, మర్యాద తెలియదు. అర మార్కు కోత. నినాదాలేవి? ఒక్కటీ లేదు. ఒక మార్కు కోత. సూక్తులు, మహనీయుల మాటలు? లేవు. లంకెబిందె ఎవరికి దొరికిందో ఊరి పేరుతో సహా రాసింది, ఎవరడిగారు? సున్నా చుట్టారు. గడువు పెట్టింది. కరపత్రానికి గడువేమిటి, ఇదేమన్నా కరెంటు బిల్లా? మోడల్ జవాబులో గడువు లేదు. ముగింపులో "రండి, కదలండి" అనకుండా వెయ్యి కాపీలు వేయించు అని లెక్క చెప్పింది. చివర ఇంటూ గుర్తులు కూడా లేవు. మొత్తం మీద ఒక మార్కు, అదీ చేతిరాతకు. పాము రీవెరిఫికేషన్‌కి డబ్బు కట్టింది. చీఫ్ ఎగ్జామినర్ పేపరు తెప్పించి, కళ్లజోడు సర్దుకుని, మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివి, మార్కు పెంచడానికి వీల్లేదని సంతకం పెట్టారు. సాయంత్రం ఇంటికెళుతూ ఇద్దరూ జిరాక్స్ షాపు దగ్గర ఎదురుపడ్డారు. చెరో వెయ్యి. ఎందుకైనా మంచిదని.

పాము చెప్పేది పచ్చి అబద్ధం, బెదిరింపు. కానీ ఎవరితో మాట్లాడుతోందో దానికి తెలుసు, ఏం కావాలో తెలుసు. మే నెలలో పొద్దున పేపరు మడతలోంచి జారిపడే కార్పొరేట్ కాలేజీ కాగితానికీ తెలుసు. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ర్యాంకులు పేర్చి ఒకే పిల్లాడి ఫొటోని మూడు కాలేజీలు వేసుకున్నా సరే, ఆ తల్లి గుండె దడ ఎక్కడుందో సరిగ్గా అక్కడే చేయి వేస్తుంది. ఒప్పించే విద్య అంతా అబద్ధాలాడేవాళ్లకు అప్పజెప్పి, నిజం చెప్పాల్సిన పిల్లలకు మనం ఇంటూ గుర్తులు నేర్పుతున్నాం.

నిజంతో జనాన్ని కదిలించడం మనకు చేతకాదా అంటే, చేతనైంది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రిళ్లు చదువు నేర్చుకున్న ఆడవాళ్ల పాఠాల్లో సీతమ్మ అనే పల్లెటూరి మనిషి కథ ఉండేది, సారా వల్ల చితికిన సంసారం కథ. చదివినవాళ్లకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇల్లే అనిపించింది. దూబగుంటలో రోశమ్మతో పాటు ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా బంద్. అందులో ఎన్ని నినాదాలున్నాయో ఎవరూ మార్కులేయలేదు.

ఇక నాకు ఒళ్లు మండిన సంగతి. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదివే ఒక అమ్మాయికి యూనిట్ టెస్టులో "నీటి పొదుపు" మీద కరపత్రం రాయమన్నారు. ఆ పిల్ల ఇలా రాసింది: "స్కూల్ కమిటీలో ఉన్న అమ్మలకు. మేము నీళ్లు బాగా పొదుపు చేస్తున్నాము. మోటారు కాలిపోయి దసరా నుంచి ఆడపిల్లల బాత్రూముకు నీళ్లు రావడం లేదు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేము నీళ్లు తాగడం లేదు. ఆ నాలుగు రోజులూ బడికే రావడం లేదు. వచ్చే మీటింగులో మోటారు గురించి అడగండి. ఇట్లు, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు."

పదికి రెండు. పక్కన ఎర్ర పెన్నుతో, "అంశానికి సంబంధం లేదు. నినాదాలు లేవు. పేరు రాయరాదు."

సంబంధం లేదా? నీళ్ల గురించి అడిగి, నీళ్లు లేవంటే సంబంధం లేదా? ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి, తాగడానికి మంచినీళ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలని అదే చట్టం చెబుతోంది. ఎవరిని అడగాలో, ఏం అడగాలో ఆ పిల్లకు తెలిసింది. దిద్దినవాళ్లకు తెలియలేదు. మూత్రం ఆపుకుని కూర్చున్న పిల్ల చేత "నీరే ప్రాణాధారం" అని రాయించుకుని అర మార్కు కలిపే సిగ్గులేనితనానికి మనం మూల్యాంకనం అని పేరు పెట్టుకున్నాం. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవాడి పేరూ వేయించినవాడి పేరూ, చిరునామాలతో సహా లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ కింద ఆరు నెలల దాకా జైలు. బడిలో పేరు రాస్తే మార్కు కోత.

ఆ పిల్ల ఊరుకోలేదు. రెండు మార్కుల కాగితాన్నే జిరాక్స్ తీయించి కమిటీ అమ్మలకు పంచింది. హెడ్మాస్టారు పిలిపించి, "ఇదంతా నీచేత ఎవరు రాయించారో చెప్పు" అన్నారట. మీరేనండీ. ప్రశ్నపత్రం మీది కాదా?