తాతగారు ఓడలోంచి జారిపడ్డారు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే జబ్బు మనకొక్కళ్లకే ఉందనుకుని ఇన్నాళ్లూ అనవసరంగా సిగ్గుపడ్డాం. అమెరికాలో ఆ మూతుల్ని వాసన చూసి సర్టిఫికెట్ ఇవ్వడానికి 1897 నుంచీ ఏకంగా ఒక సొసైటీయే ఉంది. 1620లో ఇంగ్లండ్ నుంచి వలసొచ్చి మేఫ్లవర్ ఓడ దిగినవాళ్ల వారసులమని చెప్పుకోవాలంటే ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు చూపించాలి. తాతలు తాగిన నెయ్యి సంగతి అడక్కండి. వచ్చిన 102 మందిలో సగం మంది మొదటి చలికాలమే దాటలేదు.

ఆ ఓడలో జాన్ హౌలాండ్ అని ఒక కుర్రాడు, ఆ వలసకు మొదటి గవర్నరైన కార్వర్‌గారి దగ్గర పనివాడు. తుఫానులో కింద కుదురుగా కూర్చోక డెక్ మీదికొచ్చి సముద్రంలో పడ్డాడు. అదృష్టం, తెరచాప తాడొకటి నీళ్లలో వేలాడుతూ చేతికి తగిలింది, నిలువునా మునిగినా వదల్లేదు, పైవాళ్లు తాడు లాగి, కొక్కెం వేసి ఎక్కించారు. తర్వాత పదిమంది పిల్లలు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లు, అందరూ ఆ తాడు పట్టుకుని వచ్చినవాళ్లే.

కానీ మూలపురుషుడు పనివాడంటే వారసులకు కాస్త చిన్నతనం కదా! అందుకని ఆయన పెళ్లాడింది గవర్నర్ కార్వర్‌గారింటి పిల్లనే అని తరాల తరబడి చెప్పుకున్నారు. 1855లో, కార్వర్ తర్వాత గవర్నరైన బ్రాడ్‌ఫర్డ్ రాసిపెట్టిన ఆ వలస చరిత్ర రాతప్రతి లండన్‌లో బయటపడి కొంప ముంచింది. పిల్ల పేరు ఎలిజబెత్ టిల్లీ, అమ్మానాన్నలు ఆ మొదటి చలికాలంలోనే పోయారు.

ఇలాంటి ఇబ్బందులు రాకూడదనే గుస్టావ్ ఆంజూ అనే మహానుభావుడు అవతరించాడు. స్వీడన్‌లో ఫోర్జరీకి జైలు కెళ్లొచ్చినవాడు, అంటే పనికి తగిన అనుభవం ఉన్నవాడే. డబ్బున్న అమెరికన్లకు కోరిన పూర్వీకుల్ని కోరిన చోట అతికించి వంశవృక్షం చేతిలో పెట్టేవాడు. నిజం పత్రాల మధ్య ఎక్కడో రెండు దొంగ తరాలు, అంతే. వాటిని ఏరి పారేయడానికి వంశచరిత్రకారులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. నన్నడిగితే ఆయన చేసింది సేవ. పన్నెండు తరాలు వెనక్కి వెళితే లెక్కప్రకారం ఒక్కొక్కరికి 4,096 మంది తాతమ్మలూ తాతయ్యలూ, అందులో ఫ్రేము కట్టించేది ఒక్కణ్ణి. మిగతా 4,095 మంది ఎవరింటికి పోవాలి?

ఉదాహరణకు జాన్ బిల్లింగ్టన్. ఆయనా మేఫ్లవర్ ఎక్కినవాడే, 1630లో హత్య చేసి, ఆ ఓడవాళ్లు కట్టుకున్న ప్లిమత్ కాలనీలో మొట్టమొదట ఉరికంబమెక్కినవాడు. ఆయన కొడుకు ఫ్రాన్సిస్ ఇంకా ఘనుడు. ఓడ అమెరికా తీరంలో కేప్ కాడ్ దగ్గర లంగరు వేసుకుని ఉండగా, కేబిన్లో సగం నిండిన మందుగుండు పీపా పక్కనే తుపాకీ పేల్చాడు. ఆ నిప్పురవ్వ ఇంకో జానెడు దూరం ఎగిరుంటే ఏ వారసుడికీ ఏ కాగితమూ వెతుక్కునే పని ఉండేది కాదు. ప్రెసిడెంట్ గార్ఫీల్డ్ ఆ పిల్లాడి వంశమే.