తర్కం పెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంటుంది

మా పెద్దమ్మకు తర్కం లేదని శాస్త్రం తేల్చేసింది. 1966లో పీటర్ వేసన్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త కల్పించిన నాలుగు కార్డుల పరీక్షను నేనే స్వయంగా ఆవిడకు పెట్టాను. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. బల్ల మీద పైకి కనబడేవి ‘అ’, ‘క’, 4, 7. కార్డుకు ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలన్నది నియమం. అది తప్పిందో లేదో తేలాలంటే ఏయే కార్డులు తిప్పాలి? పెద్దమ్మ ‘అ’నూ నాలుగునూ తిప్పింది. తిప్పాల్సింది ‘అ’నూ ఏడునూ. నాలుగు వెనక ఏమున్నా నియమానికి వచ్చిన నష్టం లేదు. ఏడు వెనక అచ్చు కనబడితే దాని కొంప మునుగుతుంది. (మొదటిసారి నేనూ నాలుగే తిప్పాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.)

ఆ వారమే మా ఇంట పెళ్ళి. భోజనం చేసినవాళ్ళు చదివించి వెళ్ళాలన్నది ఎక్కడా రాయని నియమం. గుమ్మం పక్క కుర్చీలో పెద్దమ్మ. ఒకాయన బంతిలో కూర్చుని బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుంటున్నాడు. ఇంకొకాయన ఇంకా తినలేదు. ఒకావిడ నూట పదహార్లు చదివించేసింది. మరొకాయన చేతులూపుకుంటూ బయటికి నడుస్తున్నాడు. తినని మనిషినీ, చదివించిన ఆవిడనూ పెద్దమ్మ కన్నెత్తి చూడలేదు. బూరె ఆయన పేరు పద్దులో ఉందేమో చూడమంది. వెళ్ళేవాడి చెయ్యి పట్టుకుని, “భోజనం చేశావా నాయనా?” అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. అచ్చం ‘అ’, ఏడు!

1982లో అమెరికాలో గ్రిగ్స్, కాక్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించినదీ ఇదే. అక్షరాల కార్డులతో బోల్తా పడిన విద్యార్థులు, బీరు తాగాలంటే వయసు నిండాలన్న నియమం ఇచ్చేసరికి చాలావరకు నెగ్గారు. మోసగాణ్ణి పట్టుకోవడంలో మెదడుకు ప్రత్యేకమైన నేర్పు ఉందని ఒక వాదం. దాన్ని ఒప్పుకోని పండితులున్నారు. వాళ్ళు మా పెళ్ళికి రాలేదు.

లెక్కల సంగతీ అంతే. ఎక్కాలు మెదడులో మాటల వరసగా నిలవ ఉంటాయని ఫ్రెంచి మెదడు శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ లాంటివారు అంటారు. మెదడు దెబ్బతిన్నాక ఎక్కాలు పోయి తీసివేతలు మిగిలినవారున్నారు, తీసివేతలు పోయి ఎక్కాలు మిగిలినవారూ ఉన్నారు. మా బంధువుల్లో కొందరికి ఏ దెబ్బా తగలకుండానే తీసివేత పోయింది. అప్పు తీర్చేటప్పుడు బయటపడుతుంది. పెద్దమ్మ లెక్క మాత్రం పూర్తిగా మాట చేతిలోనే ఉంది. బియ్యం కొలిచేటప్పుడు ఒకటి అనదు, ‘లాభం’ అంటుంది. ఏడు అంటే ఏడుపని ‘ఆరున్నొకటి’ అంటుంది. అదే మనిషి, పన్నెండేళ్ళ కిందటి పెళ్ళిలో ఎవరు ఎంత తగ్గించి చదివించారో ఒక్క రూపాయి తేడా లేకుండా అప్పజెబుతుంది.

కనుక బడుల్లో తర్కానికి కార్డులు మానేసి, పిల్లల్ని ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాల గుమ్మాల దగ్గర కూర్చోబెట్టాలని ప్రభుత్వానికి మనవి రాశాను. రెండో బంతిలో కూర్చుని, దాన్ని పెద్దమ్మకు చదివి వినిపించబోయాను. ఆవిడ ఒకసారి నా విస్తరిలోకి చూసింది. పద్దు పుస్తకం తెమ్మంది.